ఏ దినానికి?

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ఇంగ్లీషు మాట ఉండేది. ఇంగ్లీషు వచ్చిన మనిషి ఇంట్లో ఒక్కరూ లేరు. ఆ మాట మాత్రం ఉప్పూ పసుపూ లాగా రోజూ వాడకంలో ఉండేది. అది 'అడ్జర్న్'. దాన్ని ఇంటికి పట్టుకొచ్చిన మనిషి మా తాత.

మాది కురవికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. మిరప తోటలు, రెండు చెలకలు, కొద్దిగా వరి పొలం ఉండేవి. మా తాత ఒకప్పుడు ఆ ఊరికి సర్పంచు. ఆ రోజుల్లో సమితి ఆఫీసులో మీటింగులకు పోయేవాడు. అక్కడ వాదన ముదిరి అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టగానే ఆఫీసరు బల్ల మీద అరచేత్తో కొట్టి ఆ మాట అనేవాడట. అంతే, అరిచినవాళ్లంతా నోళ్లు మూసుకుని లేచిపోయేవాళ్లట, బయట చాయ్ పోసేవాళ్లట. ఇంత బలమున్న మాటను తాత తన జన్మలో వినలేదు. తర్వాత పదవి పోయింది. మాటను మాత్రం ఆయన వదల్లేదు.

పదవి పోయిన సర్పంచుకు ఇల్లే ఊరు. మాపటిపూట వాకిట్లో నులకమంచం వేయించుకుని, తలకు ఎర్ర రుమాలు చుట్టుకుని కూర్చునేవాడు. రుమాలు చుట్టాడంటే మీటింగు ఉన్నట్టే. ఉట్టి తలతో ఉంటే ఆయన మా తాత, రుమాలుతో ఉంటే సర్పంచు. నాన్న బావికి కరెంటు మోటారు పెడదామన్నా, అమ్మ కొట్టం మీద కప్పు కారుతోందన్నా కాసేపు వినేవాడు. మాట తనకు నచ్చని దారి పట్టిందని తోచగానే మంచం పట్టె మీద కొట్టి, "గా ముచ్చట అడ్జర్న్" అనేవాడు. ఆ తర్వాత ఎవరూ నోరెత్తడానికి లేదు. కొట్టం వానలకు కారుతూనే ఉండేది.

దాని అర్థం 'అయిపోయింది, ఇక లేవండి' అనే మేమంతా అనుకున్నాం. మా వాడకట్టు పిల్లలు కూడా ఆ మాటను ఆటల్లోకి లాక్కున్నారు. తక్కిన ఊళ్ల పిల్లలు ఓడిపోయేటప్పుడు 'తూచ్' అంటే మేము 'అడ్జర్న్' అనేవాళ్లం. తొక్కుడుబిళ్లలో గీత తొక్కినా, దాగుడుమూతల్లో దొరికిపోయినా, గట్టిగా అడ్జర్న్ అని అరిస్తే చాలు, ఓడినట్టు కాదు. అందరికంటే గట్టిగా అరిచేదాన్ని నేనే. చిన్నప్పటి నుంచీ నా గొంతు పెద్దది, ఇప్పటికీ తగ్గలేదు.

ఆ మాట చివరికి నా మీదికే వచ్చింది. మా ఊళ్లో బడి ఐదో తరగతి దాకానే. ఆరుకు పోవాలంటే డోర్నకల్ పోవాలి. అక్కడ మా మేనత్త ఉండేది. మామ రైల్వేలో పని, వాళ్లకు రైలు పట్టాల పక్కన క్వార్టరు. అత్త నన్ను తన దగ్గర పెట్టుకుని చదివిస్తానంది. నాకు చదువంటే ఆశ. అంతకంటే ఎక్కువగా, మిరప చేలో కాయలేరడమంటే భయం. చేతులు మండుతాయి, ఆ చేతులు పొరపాటున కళ్లకు తగిలితే ఇక ఆ పూటంతా ఏడుపే. మా వాడలో ఐదు చదివిన ఆడపిల్లలంతా ఆ చేలల్లోనే ఉన్నారు. బడికి పోకపోతే నేనూ అక్కడే తేలతానని నాకు తెలుసు.

ఎండాకాలం సెలవులు మొదలైనప్పుడు అమ్మ గడప లోపల నిలబడి, "పొల్ల సదువు ముచ్చట ఏం జేద్దాం మామా" అని అడిగింది. తాత రుమాలు సర్దుకుని, ఆడపిల్ల, రైలు, పరాయి ఊరు అంటూ ఏవో నాలుగు మాటలు అన్నాడు. అమ్మ మళ్లీ నోరు తెరిచేసరికి పట్టె మీద చెయ్యి పడింది. "అడ్జర్న్." నాన్న లేచి ఎడ్లకు గడ్డి వేయడానికి పోయాడు. అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఆటలో అంత ఇష్టంగా అరిచిన మాట ఆ సాయంత్రం నాకు విషంలా అనిపించింది.

నన్ను ఊరుకోబెట్టడానికి అమ్మ ఆ సెలవులకు అత్త దగ్గరికి పంపింది. డోర్నకల్ జంక్షనంటే మాలాంటి ఊరి పిల్లలకు తిరునాళ్లే. ఎప్పుడూ ఏదో ఒక బండి వస్తూ ఉంటుంది, ఏదో ఒకటి పోతూ ఉంటుంది. క్వార్టర్ల ముందు పిల్లలంతా ఆడుకునేవాళ్లం. ఒకరోజు దొంగాటలో నన్ను పట్టుకోవడానికి తరుముకొచ్చారు. నేను ఒక ఇంటి అరుగెక్కి, రెండు చేతులూ పైకెత్తి, "అడ్జర్న్!" అని అరిచాను. రైల్వే పిల్లలకు ఆ మాట తెలియదు, వచ్చి వీపు మీద ఒక్కటి చరిచారు.

ఆ అరుగు మీద ఒక పెద్దావిడ చాటలో చింతపండు పెట్టుకుని గింజలు తీస్తోంది. మిషనరీ బడిలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. అందరూ టీచరమ్మ అనేవాళ్లు. ఆమె చెయ్యి ఆపి, కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, చాలా మర్యాదగా అడిగింది.

"ఏ దినానికి?"

నాకు అర్థం కాలేదు. ఆమె మళ్లీ అడిగింది. "అడ్జర్న్ అన్నవు గద బిడ్డా. ఏ దినానికి అడ్జర్న్ చేసినవు ఆటను?"

దినమేంటి, అడ్జర్న్ అంటే అయిపోయిందని కదా, ఇక ఎవరూ మాట్లాడొద్దని కదా అన్నాను. మా తాత సంగతి, సమితి ఆఫీసు సంగతి, మంచం పట్టె సంగతి అన్నీ చెప్పాను. ఆమె నవ్విన నవ్వుకు చాటలోని గింజలు కింద పడ్డాయి. అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. నాకు కోపం వచ్చింది. మా తాతను చూసి నవ్వే హక్కు మాకు తప్ప ఇంకెవరికీ లేదని నా లెక్క. ఆమె అది గమనించింది కాబోలు, నవ్వు ఆపి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆమె చెప్పిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఒక చింతగింజ తీసి నా అరచేతిలో పెట్టి, ఆ మాట లోపల కూడా ఇట్లాగే ఒక గింజ ఉందనీ, ఆ గింజ 'దినం' అనీ చెప్పింది. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను ఫ్రెంచివాళ్ల దగ్గర తీసుకున్నారట. 'ఫలానా దినానికి' అని దాని అసలు అర్థమట. మొదట్లో అయితే ఫలానా దినం నాడు వచ్చి నిలబడమని మనిషిని పిలవడానికే ఆ మాట వాడేవాళ్లట. తర్వాత తర్వాత, కూర్చున్న సభను ఆపి ఇంకో దినానికి మళ్లీ కూర్చోవడానికి పెట్టుకున్నారట. స్టేషన్లో గోడ మీద రాసిన 'జర్నీ' దానికి చెల్లెలని చెప్పింది. రైళ్లు లేని కాలంలో మనిషి ఒక్క దినంలో పోగలిగినంత దూరమే జర్నీ అట. "మన వాయిదా ఉన్నది చూడు, అది గూడ ఉర్దూ వాదాకు చుట్టమే. వాదా అంటే మాట ఇచ్చుడు" అంది.

టీచరమ్మకు వాడుక గురించి పట్టింపు ఎక్కువ. ఆ మాటను ఎక్కడపడితే అక్కడ వాడకూడదంది. పెళ్లిని అడ్జర్న్ చేయరు, జ్వరాన్ని అడ్జర్న్ చేయరు. అది కచేరీలో, కోర్టులో, పదిమంది కూర్చున్న సభలో పుట్టి పెరిగిన మాట. ఇంకా మొదలుకాని పనిని వెనక్కి జరపడం వేరు, దానికి వేరే మాట ఉంది. మొదలుపెట్టి కూర్చున్నదాన్నే అడ్జర్న్ చేస్తారు. కాబట్టి ఆ మాట అన్నారంటే పని మొదలైనట్టు, ఇంకా అయిపోనట్టు, మళ్లీ కూర్చుంటామని చెప్పినట్టు.

అయితే నా చదువు ముచ్చట అయిపోలేదు!

మరి దినం చెప్పకుండా లేచిపోతే ఏమంటారని అడిగాను. దానికీ ఒక మాట ఉందని చెప్పింది. 'సైనీ డై' అట, లాటిను మాట. 'దినం లేకుండా' అని అర్థం. "దినం పెట్టకుండ లేవాల్నంటే గా ముక్క గూడ కలిపి, అందరు వినేటట్టు చెప్పాలె. సప్పుడు జేయకుండ మింగేసుడు కుదరది" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని, ఆ మాట మీ తాత మీద విసరడానికి కాదు సుమా అని హెచ్చరించింది. ఆయనను ఒక్క ప్రశ్న అడగమంది, జవాబు వచ్చేదాకా కూర్చోమంది. అడగడం కంటే కూర్చోవడమే కష్టమని కూడా చెప్పింది.

బడి తెరిచే రోజులు దగ్గర పడ్డాయి. అత్త నన్ను వెంటబెట్టుకుని ఊరికి బయలుదేరింది. ప్యాసింజరు బండిలో దారి పొడుగునా నేను కిటికీకి తల ఆనించి, సైనీ డై, సైనీ డై అని గొణుక్కుంటూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్న ముసలాయన నేనేదో మంత్రం చదువుతున్నాననుకుని దండం పెట్టాడు. అత్త నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు.

ఆ మాపు తాత రుమాలు చుట్టుకుని కూర్చున్నాడు. అత్తే ముచ్చట ఎత్తింది. "బాపూ, పొల్లను నాతోటి పంపు. బడి తెరుస్తున్నరు, పేరు రాపియ్యాలె." తాత కాసేపు మీసం దువ్వుకున్నాడు. మీ ఆయన డ్యూటీకి పోతే మీరిద్దరు ఆడోళ్లేనా ఇంట్ల అన్నాడు. అత్త ఏదో చెప్పబోయింది. చెయ్యి పైకి లేచి పట్టె మీద పడింది.

"గా ముచ్చట అడ్జర్న్."

నాన్న లేవబోయాడు. నేను మంచం ముందుకు పోయి నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాను.

"ఏ దినానికి తాతా?"

"ఏంది?"

"అడ్జర్న్ అంటివి గద. ఏ దినానికి?"

నాన్న నా భుజం పట్టుకుని, "పెద్దోళ్ల నడుమ నీకేం పని, లే" అన్నాడు. నేను లేవలేదు. తాత నాన్నను కళ్లతోనే ఆపాడు. ఆ మాట ఆయన సొత్తు. దాని మీద ఎవరో చెయ్యి వేస్తే ఆయనే చూసుకోవాలి.

"అడ్జర్న్ అంటే అడ్జర్నే. గా మాటల దినమేంది?"

నా గొంతు వణికింది. పెద్ద గొంతు కాబట్టి వణికినా అందరికీ వినపడింది. ఆ మాటలోనే దినం ఉందని అత్త ఇంటి దగ్గరి టీచరమ్మ చెప్పిందన్నాను. మొదలుపెట్టి కూర్చున్నదాన్ని ఆపి, మళ్ల ఫలానా దినం కూర్చుంటమని చెప్పి లేవడమే అడ్జర్న్ అన్నాను. "దినం లేకుంట లేవాల్నంటే సైనీ డై అని గూడ అనాల్నట తాతా. అందరి ముంగట అనాల్నట. నువ్వు గట్లనే అను. అంటే నేను ఇగ ఎన్నడడగ."

"అంటే ఏందది?"

"దినం లేదని. మళ్ల ఎన్నడు కూసోమని."

అమ్మ గడప దాటి బయటికి వచ్చింది. తాత మీటింగు జరుగుతుండగా ఆమె గడప దాటడం అదే మొదటిసారి. తాత మా అత్త వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు. ఎవరూ ఆదుకోలేదు. 'నిన్ను చదివించను' అని ఒక్క మాట అనేస్తే అయిపోయేది. మా తాత కఠినుడు కాదు. ఎవరి ముఖం మీదైనా 'లేదు' అని చెప్పలేకనే ఇన్నేళ్లూ ఆ మాట వెనక దాక్కున్నాడని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియదు. అప్పుడు తెలిసిందల్లా లేవకూడదని మాత్రమే. మోకాళ్లు తిమ్మిరెక్కాయి. అమ్మ అన్నానికి పిలవలేదు. ఆకలి వేస్తోందని తెలిసేట్టు తాత రెండుసార్లు దగ్గాడు. ఎవరూ కదల్లేదు.

చివరికి రుమాలు విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు.

"ఆదివారం" అన్నాడు. "ఆదివారం పొద్దుగాల. ఇగ లే, బువ్వ తినుండ్రి."

ఆ నాలుగు రోజులూ నేను సరిగ్గా నిద్రపోయింది లేదు. శుక్రవారం పొద్దున్నే తాత కురవి వీరన్నను చూసొస్తానని చెప్పి చెప్పులేసుకుని పోయాడు, చీకటి పడే వేళకు వచ్చాడు. చేతిలో కొబ్బరి చిప్ప లేదు, నుదుట బొట్టు లేదు. గుడికి పోయినవాడికి ప్రసాదమేదని అమ్మ నాతో గుసగుసలాడింది. ఆయన మాట తప్పడానికి ఏదో దారి చూసుకుంటున్నాడనే నేను అనుకున్నాను. ఆదివారం ఏ చుట్టాలింటికో పోతాడని, అసలు లేవడని, ఎన్నో ఊహించుకుని ఏడ్చాను.

ఆదివారం నేను కళ్లు తెరిచేసరికి వాకిట్లో మంచం వేసి ఉంది. తాత స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టి, రుమాలు చుట్టుకుని కూర్చున్నాడు. "మీటింగు షురూ. అందరు రాండ్రి" అని కేక వేశాడు. మేమంతా వచ్చి నిలబడ్డాం. అప్పుడు చెప్పాడు. శుక్రవారం ఆయన పోయింది కురవికి కాదు, డోర్నకల్‌కు. బడి చూశాడు. క్వార్టరు నుంచి బడికి దారి నడిచి చూశాడు. టీచరమ్మ అరుగు మీద కూర్చుని చాయ్ తాగాడు. ఆమె ఏం చెప్పిందో, ఈయన ఏం అడిగాడో మాకెవరికీ చెప్పలేదు. "పొల్ల పోతది. ఆదివారం ఆదివారం ఇంటికి రావాలె. ఎవలన్న కాదంటె గిప్పుడే చెప్పుండ్రి" అన్నాడు. కాదనే మనిషి ఎవరున్నారు. తాత మంచం పట్టె మీద కొట్టబోయి, చెయ్యి గాల్లోనే ఆపి, నా వైపు చూశాడు.

"గిప్పుడేమనాలె?"

"క్లోజ్ అనాలె తాతా. అయిపోయింది గద."

"క్లోజ్" అన్నాడు. ఆ మాట నోటికి కొత్తగా తగిలినట్టుంది, ఇంకోసారి మెల్లగా అనుకున్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో అడ్జర్న్ అనే మాట పోలేదు గానీ దాని వెనకాలే దినం కూడా రావడం మొదలైంది. ఆ ఏడు వానలకు ముందే కొట్టం కప్పు మారింది, ఎందుకంటే అమ్మ కూడా అడగడం నేర్చుకుంది. నేను ఆరు చదివాను, పది చదివాను, టీచరు ట్రైనింగు చేశాను. భూపాలపల్లి వైపు మొగుళ్లపల్లిలో ఉద్యోగం వచ్చింది. పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఆ మాట వచ్చిన ప్రతిసారీ చింతగింజ ఒకటి చేతిలో పెట్టేదాన్ని.

తాత బాగా ముసలివాడయ్యాడు. చెవులు సరిగ్గా వినపడేవి కావు, మనుషులను గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టేది. ఒకసారి చూసి తిరిగి పోతూ, బస్సుకు వేళవుతోందనే తొందరలో, చెప్పులేసుకుంటూ, "మళ్ల వస్త తాతా" అన్నాను. ఎవరమైనా అంటాం కదా అట్లా. ఆయన మంచం మీదనుంచి చెయ్యి చాపి నా కొంగు పట్టుకున్నాడు.

"ఏ దినానికి?"

నేను ఆగిపోయాను. ఆయన కళ్లలో చిన్నతనపు కొంటెతనం ఏమీ లేదు. నిజంగానే అడుగుతున్నాడు. మొదలై ఇంకా అయిపోనిదేదో, మళ్లీ కూర్చోవలసినదేదో మా మధ్య ఉందని, దానికి దినం కావాలని అడుగుతున్నాడు. "ఆదివారం" అన్నాను. అప్పుడు కొంగు వదిలాడు.

ఆ ఆదివారం పొద్దున్నుంచీ ఎడతెగని వాన. వాగు పొంగి మా దారి బస్సు ఆగిపోయింది. తర్వాతి వారం పోవచ్చు కదా అని ఇంట్లో అన్నారు. నేను వినలేదు. లారీ ఎక్కాను, ఇంకో దారిన బస్సు పట్టాను, చివరికి తడిసి ముద్దయి, చీర కుచ్చెళ్లు బురదలో ఈడ్చుకుంటూ నడిచి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. అమ్మ తలుపు తీసి, "పొద్దటి నుంచి పండుకొమ్మంటే పండుకుంటలేడు" అంది.

తాత మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తలకు రుమాలు ఉంది. చుట్టడానికి చేతుల్లో బలం లేక వదులుగా చుట్టుకున్నాడు, ఒక కొస చెవి మీదికి జారింది. నన్ను చూసి పట్టె మీద మెల్లగా తట్టాడు. నేను పోయి ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. ఆయన ఏడవలేదు. మీటింగుకు సభ్యురాలు వచ్చింది, ఆయనకు అంతే కావాలి.

ఇప్పుడు నేనే ఆయన వయసుకు దగ్గరలో ఉన్నాను. ఆఫీసుల్లో 'చూద్దాం' అంటే కుర్చీ లాక్కుని కూర్చుంటాను, ఏ దినానికో చెప్పేదాకా లేవను. నన్ను చూసి విసుక్కునేవాళ్లు ఉన్నారు, విసుక్కోనివ్వండి. కానీ ఆ ప్రశ్న నేను ఇతరులను అడగడానికన్నా నన్ను నేను అడగడానికే ఎక్కువ వాడుకున్నాను. ఎవరి గడప దిగుతున్నా, చెప్పుల్లో కాళ్లు పెట్టే ముందు ఆగి, వెనక్కి తిరిగి, దినం చెప్పి వస్తాను. చెప్పిన దినానికి వానొచ్చినా వాగొచ్చినా పోతాను. అక్కడ ఎవరో ఒకరు రుమాలు చుట్టుకుని కూర్చుని ఉంటారు.